ఆర్థిక అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చు? పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వచ్చే ఏడాది వృద్ధి రేటు ఇంత అని ప్రకటించినవారే ఆరు నెలలు తిరగకుండా ఆ అంకెను మార్చేస్తుంటే, ఆర్థికవేత్తల మాటను లెక్కచేయడం దేనికని మీరు అడిగారు. లెక్కచేయవలసిందే. అయితే అది కొన్ని షరతులకు లోబడి కట్టిన లెక్క అన్న ఎరుకతో చదవాలి.

మొదటి చిక్కు వర్తమానంలోనే ఎదురవుతుంది. అమెరికా ఆర్థిక వ్యవస్థ 2008 చివరి త్రైమాసికంలో 3.8 శాతం వార్షిక రేటున కుంచించుకుపోయిందని 2009 జనవరిలో అక్కడి ప్రభుత్వం తొలి అంచనా వెలువరించింది. పూర్తి లెక్కలు చేతికందాక, కొన్నేళ్లకు, అది 8 శాతం పైమాటేనని తేలింది. జరిగిపోయిన మూడు నెలల సంగతే ఇంతగా మారితే, దాని మీద కట్టిన రేపటి లెక్క ఎంత నిలుస్తుందో మీరే ఊహించండి.

మామూలు సంవత్సరాలలో అంచనాలు పెద్దగా గురి తప్పవు. మలుపుల దగ్గర తప్పుతాయి. అంచనాలు కట్టే గణిత నమూనాలు పాత గణాంకాల నుంచి నేర్చుకుంటాయి, వాటిలో సంక్షోభాలు అరుదు. 2008 నవంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లిన ఎలిజబెత్ రాణి, అప్పటి ఆర్థిక సంక్షోభం గురించి, ఇంతటి ఉపద్రవాన్ని ఎవరూ ముందుగా ఎందుకు పసిగట్టలేదని అడిగారు. వ్యవస్థ మొత్తానికి పొంచి ఉన్న ముప్పును ఊహించడంలో మేధావులంతా కలిసి విఫలమయ్యారని మరుసటి ఏడాది జులైలో బ్రిటిష్ అకాడమీ పండితులు ఆమెకు లేఖ రాశారు. (నలుగురితో పాటు తప్పినవాడిని ఎవరూ నిలదీయరు. అంచనాలన్నీ ఒకేచోట గుమిగూడడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.)

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే చిక్కు మరొకటి ఉంది. వాన కురుస్తుందని చెప్పినంత మాత్రాన మబ్బు దారి మార్చుకోదు, మనుషులు మార్చుకుంటారు. ధరలు వేగంగా పెరుగుతాయని అంచనా వేసిన కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు పెంచిందనుకోండి. అప్పులు భారమై, కొనుగోళ్లు తగ్గి, ధరలు అదుపులోకి వస్తే ఆ అంచనా తప్పినట్టా, పనిచేసినట్టా? మరోవైపు, ఒక బ్యాంకు మునుగుతుందన్న మాట పాకితే డిపాజిటుదారులంతా ఒక్కసారిగా సొమ్ము తీసుకోవడానికి ఎగబడతారు, ఆ తాకిడికి నిక్షేపంగా ఉన్న బ్యాంకు కూడా మునగవచ్చు. అన్న మాటే జరగబోయేదాన్ని మార్చే చోట, ఆ మాట నిజమా కాదా అని తర్వాత తేల్చడం కూడా కష్టమే.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1996లో ద్రవ్యోల్బణ అంచనాను ఒంటి గీతగా కాకుండా, ఏ అంకెకు ఎంత అవకాశముందో తెలిపేలా, ముందుకు పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకునే రంగుల పట్టీలుగా ముద్రించడం మొదలుపెట్టింది. వార్తలకెక్కేది మాత్రం ఎప్పుడూ మధ్య అంకె ఒక్కటే.

మీరు ఆ అంకె వెనకనున్న షరతులు వెతకండి. 2020లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ 3.3 శాతం పెరుగుతుందని ఆ జనవరిలో చెప్పిన అంతర్జాతీయ ద్రవ్య నిధి, ఏప్రిల్‌లో 3 శాతం తగ్గుతుందని సవరించుకుంది. ఏడాది రెండో సగానికి కరోనా తగ్గుముఖం పడుతుందన్న ఊహ మీద ఆ కొత్త లెక్క నిలబడింది. కరోనా తగ్గలేదు. ప్రభుత్వాలు సొమ్ము కుమ్మరించడం వల్ల, సంస్థలు ఇళ్ల నుంచే పనులు నడపడం నేర్చుకోవడం వల్ల, చివరికి తేలిన క్షీణత మాత్రం దాదాపు 3 శాతమే అయింది. ఆ ఏప్రిల్ అంచనాను నెగ్గిన అంచనాల పద్దులో రాయడానికి నాకైతే చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య