బండి వేడెక్కేది ఎండకేనా?

మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మోకాళ్లకు సెగ తగులుతుంటే, ఎండకి ఇంజిన్ కాలిపోతోందని అనుకుంటాం. ఎండ పాత్ర ఉంది, కానీ మనం అనుకున్నంత లేదు. గాలితో చల్లబడే మామూలు బైక్‌లో సిలిండర్ హెడ్, అంటే పెట్రోల్ మండే గది పైమూత, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకుందాం. బయట 30 డిగ్రీలుంటే తేడా 120. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు కాస్తున్న రోజున తేడా 105. లోహం నుంచి గాలిలోకి వేడి ఎంత జోరుగా వెళ్తుందనేది ఈ తేడాను బట్టి ఉంటుంది. అంటే అంత మండే ఎండ కూడా ఇంజిన్ చల్లబడే శక్తిలో ఎనిమిదో వంతునే తీసేస్తుంది. గాలి ఆడకపోతే జరిగే నష్టం దీనికి ఎన్నో రెట్లు.

అసలు అంత వేడి ఎక్కడిది? లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. చిన్న బైక్ ఇంజిన్ అందులో పావు వంతును చక్రానికి అందిస్తే మంచి పనితనమే. మిగతా ముప్పావు వేడిగా మారి కొంత సైలెన్సర్ గుండా, కొంత ఇంజిన్ గోడల గుండా బయటికి పోవాలి.

తిరుపతి నుంచి తిరుమల ఘాట్ రోడ్డునే తీసుకోండి. ఎక్కేది దాదాపు 700 మీటర్ల ఎత్తు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలనుకుంటే, ఆ బరువును పైకి చేర్చడానికి కావలసిన పని 1.7 మెగాజౌళ్లు. పావు వంతు పనితనంతో దానికి 200 మిల్లీలీటర్లకు కాస్త పైగా పెట్రోల్ కాలుతుంది, 5 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. ఇది 17 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచగలిగే వేడి. రోడ్డు రాపిడి, గాలి అడ్డు ఇందులో కలపనే లేదు. పైగా ఎక్కుడులో బండి నెమ్మదిగా వెళ్తుంది. అంటే వేడి ఎక్కువగా పుట్టే చోటే గాలి తక్కువగా తగులుతుంది. ఘాట్లలో బండ్లు మొరాయించడానికి అసలు కారణం ఇదే.

ఇక్కడ గేరు సంగతి చెప్పాలి. పై గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, బండిని ఈడ్చుకుంటూ ఎక్కిస్తే పెట్రోల్ ఆదా అవుతుందని చాలామంది నమ్మకం. అలా చేస్తే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఆయిల్ పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, ప్లగ్ నిప్పు అందకముందే ఒక మూల ఇంధనం తనంతట తానే పేలుతుంది. టకటకమని వినిపించే నాకింగ్ అదే. ఆ పేలుడు సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ను అంటిపెట్టుకుని ఉండే పల్చటి వాయువు పొరను చెదరగొట్టడంతో లోహానికి ఇంకా వేడి ఎక్కుతుంది, ఎక్కిన వేడి మళ్లీ నాకింగ్‌ను పెంచుతుంది. ఒక గేరు దించితే ఈ విషవలయం తెగిపోతుంది.

ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగం నొక్కి ఉంచి, బండిని జరిపే అలవాటు కూడా అలాంటిదే. మన బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, గేర్లకూ ఆ ఆయిలే. ప్లేట్లు జారుతూ పుట్టించే వేడంతా లీటరు అటూ ఇటూగా ఉండే ఆ ఆయిలే మింగాలి. వేడెక్కిన ఆయిల్ పల్చబడి లోహాల మధ్య పొరను నిలబెట్టలేదు. దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గేర్లు మొరటుగా పడతాయి, న్యూట్రల్ ఒక పట్టాన దొరకదు.

స్కూటర్లకు ఈ విషయంలో కొంత మేలు. వాటి ఇంజిన్ ప్లాస్టిక్ కవరు లోపల దాగి ఉన్నా, చాలావాటిలో ఇంజిన్ ఇరుసైన క్రాంక్‌తో పాటు తిరిగే ఫ్యాన్ గాలిని సిలిండర్ మీదికి తోస్తుంది. బండి ఆగినా గాలి ఆగదు. బైక్‌కు ఉన్న ఆధారం సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలే. మెకానిక్‌లు ఫిన్స్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో గిబ్సన్, హెరాన్ అనే ఇంజినీర్లు విమాన ఇంజిన్ల కోసం అల్యూమినియం సిలిండర్ల మీద, ఈ రెక్కల మీద లోతుగా పరిశోధన చేశారు. అంత ఆలోచించి మలిచిన సందుల్లో మనం దమ్ము చేసిన పొలం బురదను ఎండబెట్టి వదిలేస్తున్నాం. లెగ్ గార్డుకు గోనెసంచి, ప్లాస్టిక్ షీటు కట్టేస్తున్నాం. వాటిని తీసేసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫిన్స్ శుభ్రంగా కడగడం కంటే చవకైన వైద్యం లేదు.

వేడి మరీ మితిమీరితే ఇంజిన్ పట్టేస్తుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం, చాలా సిలిండర్ల లోపలి గోడ పోత ఇనుము. 50 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే 0.1 మిల్లీమీటరు లావెక్కుతుంది, ఆ ఇనుప గోడ మధ్య రంధ్రం (బోరు) అందులో సగమే పెరుగుతుంది. రెండింటి మధ్య వదిలే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. అది కాస్తా పూడిపోగానే వెనుక చక్రం బిగుసుకుపోతుంది. నడుస్తుండగా ఇంజిన్ గరగరమంటూ ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ నొక్కండి. అప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, బండి జారిపడదు.

అంతదాకా రాకముందే పికప్ తగ్గడం, కాలిన వాసన రావడం లాంటి సూచనలు కనిపిస్తాయి. అప్పుడు నీడ చూసి ఆపి, ఇంజిన్ కట్టేయండి. బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం గాలితో చల్లబడే బైక్‌కు మంచిది కాదు. నీళ్లు మాత్రం పోయకండి. బయటి లోహం ఒక్కసారిగా ముడుచుకుని లోపలిది వేడిగానే ఉంటే ఫిన్స్ చిట్లవచ్చు, హెడ్ వంకరపోవచ్చు. ఆపిన తర్వాత వినిపించే టిక్ టిక్ శబ్దానికి కంగారు పడక్కర్లేదు, చల్లబడుతూ ముడుచుకుంటున్న లోహాల చప్పుడది.

రేడియేటర్ ఉన్న బండి అయితే మూత ముట్టుకోకండి. ప్రెషర్ కుక్కర్‌లాగే ఆ మూత లోపలి ఒత్తిడిని పెంచి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆపుతుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రిజర్వ్ ట్యాంకులో మట్టం చూడండి.

మాటిమాటికీ వేడెక్కుతుంటే తప్పు రోడ్డుది కాదు, బండిలోనే ఏదో ఉంది. ముందు ఆయిల్ మట్టం చూడండి. తర్వాత బ్రేకు పట్టేస్తోందేమో, టైర్లలో గాలి తగ్గిందేమో, కార్బురేటర్ దగ్గరి రబ్బరు పగిలి అదనపు గాలి లోపలికి పోతోందేమో చూడాలి. ప్లగ్ తీస్తే మొన సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందన్న అనుమానం బలపడుతుంది. ఒకసారి బాగా కాగిన ఆయిల్‌ను కిలోమీటర్లు ఇంకా మిగిలున్నాయని ఉంచుకోకుండా మార్చేయడం మేలు. ఆ తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, బోరో దెబ్బతిని ఉండవచ్చు. మెకానిక్‌తో కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి నిలుస్తోందా లేదా అన్నది) చూపించుకునేదాకా దూర ప్రయాణం పెట్టుకోకండి.