మార్చి చివర్లో తెచ్చే బిల్లుల సంచి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా మార్చి చివరి వారంలో, వ్యాపారుల పన్ను లెక్కలు చూసే మా ఆఫీసుకు క్యారీబ్యాగులు వస్తాయి. ఏడాది బిల్లులన్నీ వాటిలోనే. ఓసారి ఒక హార్డ్‌వేర్ షాపాయన తెచ్చిన సంచిలో సగం కాగితాలు తెల్లగా ఉన్నాయి. థర్మల్ పేపరు కదా, వేడికి అక్షరాలు ఎగిరిపోయాయి. "బిల్లులన్నీ ఉన్నాయండీ" అంటాడాయన. ఉన్నాయి, చదవడానికే ఏమీ లేదు. తీసుకున్న రోజే ఫోన్‌తో ఫొటో తీసి ఉంటే సరిపోయేది.

అపోహ: "8 శాతం లాభం చూపించేస్తా, ఇక లెక్కలెందుకు?"

ఎక్కువగా వినే మాట ఇదే. టర్నోవరు, అంటే ఏడాది అమ్మకాలు, 2 కోట్ల లోపుంటే (నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా) అంచనా పద్ధతిలో, అంటే అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపి, పన్ను కట్టొచ్చు, నిజమే. చిట్టా, ఆవర్జా రాయాలన్న నిబంధన దీనికి లేదు. కానీ టర్నోవరెంతో చెప్పాలిగా? అదేమో కాకిలెక్క అయితే కుదరదు. పైగా 8 శాతం నగదు అమ్మకాలకే. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినదానికి 6 శాతం చాలు.

60 లక్షల అమ్మకాల్లో 45 లక్షలు యూపీఐలో వచ్చాయనుకోండి. దానికి 2.70 లక్షలు, 15 లక్షల నగదుకు 1.20 లక్షలు, వెరసి 3.90 లక్షల లాభం. విడివిడిగా రాసుకోనివాళ్లు గంపగుత్తగా 4.80 లక్షలు చూపిస్తారు. రాసుకోనందుకు 90 వేల లాభం అదనంగా చూపినట్టు! అసలు లాభం ఇంతకంటే ఎక్కువైతే అదే చూపాలి, ఈ శాతాలు కనీసం మాత్రమే.

ఇంకోటి, ఈ పద్ధతిలో ముందస్తు పన్ను మొత్తం మార్చి 15కే కట్టాలి. 30న సంచితో వస్తే వడ్డీ తప్పదు.

అపోహ: "స్కానర్ తీసేస్తే టెన్షన్ ఉండదు"

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపాక, అక్కడ కొందరు నగదే ఇమ్మని బోర్డులు పెట్టారు. నగదైనా, యూపీఐ అయినా టర్నోవరు టర్నోవరే. అసలు చిక్కు, చీటీ పాట డబ్బూ, బావమరిది ఇచ్చిన చేబదులూ, అమ్మకాలూ ఒకే ఖాతాలో పడటం. ఏది ఏదో ఏడాది తర్వాత ఎవరు చెప్పగలరు? షాపుకు వేరే ఖాతా తెరవండి. అన్నట్టు, చేబదులైనా సరే 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు.

అపోహ: "27 వేల నగదును మూడు వోచర్లు చేస్తే సరి"

అదే రోజు అదే మనిషికి ఇచ్చినవన్నీ కలిపే చూస్తారు. 10 వేలు దాటితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. లారీ కిరాయికి 35 వేల దాకా వెసులుబాటుంది. పూర్తి లెక్కలు రాసేవాళ్లకు ఇది ముఖ్యం.

అపోహ: "బిల్లు చేతిలో ఉంటే జీఎస్టీ క్రెడిట్ వచ్చినట్టే"

క్రెడిట్ అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం. సరుకు అమ్మినాయన తన రిటర్నులో ఎక్కించకపోతే అది రాదు. మీ 2బిలో (మీకు వచ్చే క్రెడిట్ల వివరాలు జీఎస్టీ పోర్టల్‌లో చూపే పట్టీ) కనబడని బిల్లుల జాబితా రాసి, నెలనెలా ఆయనకు ఫోన్ చేయండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే (అంతకుముందే వార్షిక రిటర్ను వేస్తే అప్పటికే) ఆ క్రెడిట్ పోయినట్టే. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి.

మార్చి 31 రాత్రి షట్టరు దించాక సరుకు లెక్కపెట్టండి, గుర్తున్నంతలో కాదు, రాక్ రాక్ చూసి. అమ్ముడుపోక తుప్పు పట్టిన బోల్టులకు కొన్న ధర వేయక్కర్లేదు, ఇప్పుడు ఎంతకు పోతుందో అదే రాయండి.