సోమరి ఎవరు? చీమ వాక్యం చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసింది. చాపలు చుట్టేస్తుంటే ఒకామె వెనక్కి వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, మా ఆయన సోమరంట. వాక్యంలోనే ఉందంట గదా?"

"ఎవరు చెప్పినారమ్మా?"

"మా ఆడబిడ్డ కొడుకు సెల్లుకు పంపినాడు."

చూపించింది. పైన చీమ బొమ్మ, దాని కింద బైబిల్ సామెతల గ్రంథం 6:6, "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని, దాని కింద ఇంకో లైను: "పేదరికం సోమరితనానికి దేవుడు వేసిన శిక్ష." చీమ వాక్యం బైబిల్‌దే. ఆ కింది లైను మాత్రం ఎవరో సొంతంగా అతికించింది. రెండూ ఒకే రంగు అక్షరాల్లో ఉంటే ఆమెకు తేడా ఎట్లా తెలుస్తుంది?

అనంతపురం జిల్లా పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా సేవలో ఉన్నాను. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. వాన తప్పిన ఏడాదైతే ఇంకా ఎక్కువగా వస్తుంది. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

అపోహ: కష్టపడితే ఐశ్వర్యం, బద్ధకిస్తే దారిద్ర్యం అని బైబిల్ చెప్పింది. కాబట్టి పేదవాడంటే సోమరే.

వాస్తవం: మొదటి వాక్యం సామెతలు 10:4లో ఉంది, నిజమే. "కాబట్టి" తర్వాతది ఎక్కడా లేదు. వాన పడితే నేల తడుస్తుంది. అట్లని తడిసిన నేలంతా వానతోనే తడిసిందా? నీళ్ల ట్యాంకరు కారుకుంటూ పోయి ఉండొచ్చు. సోమరితనం పేదరికానికి ఒక దారి అన్నది బైబిల్. ఉన్నది ఆ ఒక్క దారే అనలేదు.

సామెత అంటే ఏంటో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? "ఆలస్యం అమృతం విషం" అంటాం, "నిదానమే ప్రధానం" అనీ అంటాం. రెండూ నిజమే, ఏది ఎక్కడ వాడాలో తెలిసుండాలి. సామెతల గ్రంథం కూడా అంతే. 26వ అధ్యాయంలో మూర్ఖునికి జవాబియ్యొద్దని 4వ వచనం చెబుతుంది, ఇయ్యమని ఆ వెంటనే 5వ వచనం చెబుతుంది. మన పాత సామెతను ఎవరూ స్టాంపు పేపరు మీద రాసిన ఒప్పందంలా చదవరు. బైబిల్ సామెత దగ్గరికి వచ్చేసరికే ఆ తెలివి ఎక్కడికో పోతుంది.

ఇంతకీ ఆ గ్రంథంలోని సోమరి ఎలాంటి మనిషో ఎప్పుడైనా గమనించారా? 24:30, 31 తీయండి. అతనికి చేను ఉంది, ద్రాక్షతోట ఉంది, చుట్టూ రాతిగోడ ఉంది. ఆ గోడ పడిపోయింది, ముళ్లతుప్పలు బలిశాయి. 26:14లో పడుకోవడానికి పడక ఉంది. ఉతక (బందు) మీద తలుపు తిరిగినట్టు దాని మీద దొర్లుతుంటాడు. ఆ వెంటనే 15లో ముందర తినడానికి గిన్నె ఉంది. చెయ్యి అందులో పెడతాడు గానీ నోటిదాకా ఎత్తడానికి బద్ధకం. 16లో ఇంకా బాగుంటుంది, ఏడుగురు జ్ఞానుల కంటే తానే తెలివైనవాణ్నని అతని లెక్క. పొలం, తోట, మంచం, నిండు గిన్నె, పైగా గర్వం. వీడు పొద్దున్నే ఆరింటికి అడ్డాలో నిలబడే కూలివాడా? అడ్డా పక్కనుంచి బండి మీద పోతూ "వీళ్లకు పని చెయ్యాలని ఉండదు" అనేవాడికే ఆ పోలికలు ఎక్కువ ఉన్నాయని నాకు చాలాసార్లు అనిపించింది.

అదే గ్రంథంలో 13:23 ఉంది. నేనైతే అండర్‌లైన్ చేసుకోమంటాను. "బీదలు సేద్యపరచు క్రొత్త భూమి విస్తారముగా పండును అయితే అన్యాయమువలన నశించువారు కలరు." బీదవాడు పని చేశాడు, భూమి పండింది, అయినా నష్టపోయాడు. కారణం సోమరితనం కాదు, అన్యాయమని పేరు పెట్టి మరీ చెప్పింది. ఈ వచనం మీద చీమ బొమ్మ వేసి పంపినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇంకో మాట. నేను చదివినంతలో బైబిల్లో మొట్టమొదట జనాన్ని పట్టుకుని సోమరులని తిట్టినవాడు ప్రవక్త కాదు, ఐగుప్తు రాజు ఫరో. నిర్గమకాండము 5వ అధ్యాయం. తన దగ్గర వెట్టిచాకిరీ చేసే ఇశ్రాయేలీయులకు ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం ఆపేశాడు, లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. తగ్గితే కొట్టించాడు. వాళ్లు వచ్చి మొర పెట్టుకుంటే "మీరు సోమరులు మీరు సోమరులు" అన్నాడు. గడ్డి ఆపినవాడే ఆ మాట అన్నాడు.

మన ప్రాంతానికీ ఈ మాట కొత్త కాదు. ధాత కరువు సంగతి ముసలివాళ్ల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. 1876 నుంచి 78 వరకు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. అనంతపురం అప్పటికి బళ్లారిలోనే ఉండేది, 1882లో గానీ వేరే జిల్లా కాలేదు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనిలో రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. అంటే అర కేజీ కన్నా తక్కువ. ఖర్చు తగ్గించాలన్నది ఒక లెక్క, ఎక్కువిస్తే జనం పనికి అలవాటు తప్పుతారన్నది ఇంకో భయం. ఎముకల గూళ్లను చూసి కూడా బద్ధకం పెరుగుతుందేమోనని భయపడగలిగిన మనుషులు ఉన్నారన్నమాట.

ఇంతా రాసి నా తప్పు దాచుకుంటే బాగుండదు. 2002లో నేను సేవకు కొత్త. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో చిన్న సంఘం. ఆ ఏడాది జూలైలో దేశమంతా వానలు మొహం చాటేశాయి. మామూలు ఏడాదిలోనే మాకు పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక ఆ ఏడు చెప్పేదేముంది, చెనక్కాయ విత్తనం నేలలోనే మాడింది. నేను ఆగస్టులో ఒక ఆదివారం చీమ వాక్యం తీసుకుని గంటసేపు దంచాను. "అరుగుల మీద కూర్చుంటే దేవుడు ఇంటికి తెచ్చి పెడతాడా?" అన్నాను. కొందరు ఆమెన్ అన్నారు. అదొక సంబరం నాకు.

మూడో వరుసలో కూర్చునే ఒక రైతు ఆ తర్వాత ఐదు ఆదివారాలు రాలేదు. ఇంటికి వెళ్లాను. పగలు పదకొండు గంటలకు గోడ వైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. నా మనసులోకి మొదట వచ్చింది ఆ ఉతక, తలుపు వచనమే. సిగ్గుపడుతూ చెబుతున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన నా వైపు తిరగకుండానే అన్నాడు. "అయ్యగారూ, చీమ అప్పు తెచ్చి విత్తనం కొనదు గదా. దానికి బోరు ఎయ్యాల్సిన పని ల్యా."

మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. ఇవేవీ నాకు తెలియవు, అడగనూ లేదు. ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ ప్రార్థన ఆయన కోసం కన్నా నా కోసమే చేసుకున్నానేమో. తర్వాత ఆయన బెంగళూరు కట్టడాల పనికి పోయి అప్పులు తీర్చుకుని వచ్చాడు. ఇప్పుడు మా సంఘ పెద్ద. నేను సామెతలు తీశానంటే చాలు, కళ్లతోనే నవ్వుతాడు.

ఆ రోజు నాకు గుర్తు రావలసింది ఏలీయా. 1 రాజులు 19లో ఆ ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని, నా ప్రాణం తీసేయమని దేవుణ్ని అడుగుతాడు. దూత వచ్చి చీమను చూపించలేదు. లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, "ప్రయాణం నీ శక్తికి మించింది" అన్నాడు. మీ ఇంట్లో మనిషి వారాల తరబడి లేవకుండా, తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే దాన్ని బద్ధకమని కొట్టిపారేయకండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకుపోండి. టెలి మానస్ నంబరు 14416, ప్రభుత్వానిది, ఫోన్ చేస్తే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి పోవడం విశ్వాసలోపమని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

అపోహ: "పని చేయనివాడు తినకూడదు" అన్నాడు పౌలు. కాబట్టి పని లేనివాడికి సాయం చేయకూడదు.

వాస్తవం: 2 థెస్సలొనీకయులకు 3:10 మళ్లీ చదవండి. అక్కడున్నది "పనిచేయనొల్లనియెడల" అని. ఒల్లకపోవడమంటే ఇష్టం లేకపోవడం. చేతకానివాడి గురించో, పని దొరకనివాడి గురించో కాదు. ఆ ఒక్క మాట మింగేస్తే ఒక ముసలమ్మ పింఛను మీద కూడా ఆ వచనం పడుతుంది. ఆ వెంటనే 13లో మేలు చేయడంలో విసుగొద్దని కూడా ఉంది, అక్కడిదాకా ఎవరూ పోరు. పని దొరకనివాళ్ల సంగతి కావాలంటే మత్తయి 20లో యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల కథ చూడండి. సాయంత్రం దాకా ఎందుకు ఊరకే నిలబడ్డారని తోట యజమాని అడిగితే "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అన్నారు. యజమాని వాళ్లకు పాఠం చెప్పలేదు. పనిలోకి పంపాడు, రోజు కూలి పూర్తిగా ఇచ్చాడు.

అపోహ: ఉపాధి పని వచ్చి జనం సోమరులైపోయారు.

ఇది వాక్యం కాదు గానీ, వాక్యం పక్కనే కూర్చోబెట్టి చెబుతుంటారు కాబట్టి రాస్తున్నాను. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. మావాళ్లు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు. ఏప్రిల్ ఎండలో గట్టి నేల తవ్విన చేతులు నేను చూశాను. ఒక్కరోజు గడ్డపార పట్టుకుని వచ్చి, అప్పుడు చెప్పండి. లేవీయకాండము 19లో చేను అంచులు కోయొద్దు, పరిగె ఏరొద్దు, బీదలకు వదిలేయమని ఉంది. అది వండి వడ్డించిన అన్నం కాదు. వంగి ఏరుకోవాలి. బైబిల్లో రూతు అనే విధవరాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏరింది. చెనక్కాయ పీకిన చేలల్లో మన ఆడవాళ్లు మిగిలిన కాయలు తవ్వుకుంటారు చూడండి, అదే.

మిగతావి గబగబా.

పని ఆదాము పాపం వల్ల వచ్చిన శాపం అంటారు. కాదు. తోటను సేద్యం చేసి కాయమన్నది ఆదికాండము 2:15లో, శాపం వచ్చింది 3వ అధ్యాయంలో. శాపం తగిలింది నేలకు. పనికి కాదు.

"తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడు" బైబిల్లో ఉందంటారు. లేదు. ఇంగ్లీషులో ఆ మాటను బాగా ప్రచారం చేసింది బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1736లో తన పంచాంగంలో అచ్చువేశాడు. ఏ సువార్తలో ఉందో చూపించమని సండేస్కూల్ పిల్లలకు పందెం కడుతుంటాను. ఇంతవరకు నా డబ్బు పోలేదు.

చీమ "వేసవిలో" కూడబెట్టుకుంటుంది కదా, మన ఎండాకాలంలో కోతలేవీ అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. బైబిల్ రాసిన ఇశ్రాయేలు దేశంలో వానలు చలికాలంలో, గోధుమ కోత ఎండలు ముదిరేటప్పుడు. మనకు జూన్, జూలైలో విత్తు, పంట చేతికొచ్చేది అక్టోబరు, నవంబరు. ఆ వేసవి అంటే మన సుగ్గి, కోతల కాలం అనుకోండి.

నిద్రపోకుండా పని చేయడమే భక్తి అనుకునేవాళ్లు కీర్తన 127:2 చదువుకోండి.

అయితే సోమరులే లేరా? ఉన్నారు, మా సంఘంలోనూ ఉన్నారు. మోకాళ్ల మీద ఉంటే ఉద్యోగం తలుపు తడుతుందని, డిగ్రీ అయ్యి నాలుగేళ్లయినా ఒక్క దరఖాస్తూ పెట్టని అబ్బాయి ఉన్నాడు. వాళ్లమ్మ ఇళ్లల్లో అంట్లు తోముతుంది. ఆకాశ పక్షులు విత్తవు, కోయవు అని నాకే వాక్యం చెప్పాడు. పక్షులు తెల్లారకముందే లేస్తాయి నాయనా, నువ్వు పదింటికి లేస్తావు అన్నాను. పౌలు అపొస్తలుడై ఉండి కూడా డేరాలు కుట్టాడు, అపొస్తలుల కార్యములు 18:3. బయట సింహముంది, వీధిలోకి పోతే చంపేస్తుందని సామెతల్లోని సోమరి అంటాడు. మావాడి సింహం పేరు కాంపిటీషన్. ఇట్లాంటివాడికి చీమ వాక్యం ఇవ్వాల్సిందే, కాస్త గట్టిగానే. వాళ్లమ్మకు మాత్రం వద్దు.

ఇక ఆ శుక్రవారం వచ్చినామె సంగతి. చాప మళ్లీ పరిచి కూర్చోబెట్టి, మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని అడిగాను. సెంట్రింగ్ పనికి పోతాడంట. ఇప్పుడు పదిరోజులుగా పోవడం లేదు. ఎందుకంటే ముందు మూడు వారాల కూలి రాలేదు. "పోతే ఇంకా బాకీ పెరుగుతాది గానీ చేతికి రాదు అంటాడయ్యా, అందుకే ఇంట్లో ఉండాడు." మేస్త్రీ ఎవరని అడిగితే పేరు చెప్పింది.

మన సంఘస్తుడే. ముందు వరుస, పాటలు బాగా పాడతాడు. ఏనాటి కూలి ఆనాడే ఇవ్వమన్న ద్వితీయోపదేశకాండము 24:15తో మొదలుపెట్టాలా, బిగబట్టిన కూలి మొర పెడుతుందన్న యాకోబు 5:4తోనా అని రెండు రోజులు ఆలోచించాను. ఆదివారం ఆరాధన దాకా ఆగితే పదిమందిలో అవుతుంది. అందుకని ఇది రాయడం ముగించి ఇప్పుడే ఆయన ఇంటికి బయలుదేరుతున్నాను.