నీళ్లు పిమాలకు, ముంపు అపాచీలకు

1930 మార్చి 4న అమెరికాలోని అరిజోనా ఎడారిలో, గీలా నది మీద కట్టిన కూలిడ్జ్ డ్యామ్ ప్రారంభోత్సవానికి మాజీ అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ స్వయంగా వచ్చాడు. ఆనకట్ట వెనక నీళ్లుండాల్సిన చోట గడ్డి మొలిచి ఉంది. "ఈ చెరువే నాదైతే గడ్డి కోయించేవాణ్ని" అని హాస్యనటుడు విల్ రోజర్స్ అన్నాడట.

ఈ శాన్ కార్లోస్ జలాశయం అసలు పిమాల పేరు చెప్పి కట్టింది. దిగువన గీలా ఒడ్డున తరతరాలుగా కాలువలు తవ్వుకుని సేద్యం చేసిన ఆదివాసులు వాళ్లు. తమను 'అకిమెల్ ఓదమ్', అంటే నది మనుషులు అని చెప్పుకుంటారు. బంగారం వేటలో కాలిఫోర్నియా పోయేవాళ్లకు దారిలో గోధుమలు అమ్మింది వీళ్లే. 1870ల నుంచి ఎగువన తెల్ల రైతులు నదిని తమ కాలువల్లోకి మళ్లించుకున్నారు. పిమాల పొలాలు ఎండాయి, ఆకలి మొదలైంది. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ చెట్లు నరికి, కట్టెలమ్ముకుని బతికారు.

వరద నీటిని పట్టి ఉంచి పొలాలకు వదలాలని 1924లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆయకట్టు లక్ష ఎకరాలు. అందులో సగమే పిమాలది, మిగతా సగం తెల్ల రైతులది! పిమాలకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికే డ్యామ్ అన్న మాట సగం దగ్గరే ఆగింది.

ముంపు మాత్రం డ్యామ్ కట్టిన చోట ఉండే మరో ఆదివాసీ తెగ, అపాచీలకు వచ్చింది. పాత శాన్ కార్లోస్ ఊరు, పొలాలు నీళ్లలో కలిశాయి. పెద్దల సమాధులు తవ్వి వేరేచోటికి మార్చడానికి వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి శ్మశానం మీద కాంక్రీటు పలక పరిచి, దాని పైకి నీళ్లు వదిలారు.

నిండితే 35 టీఎంసీలకు పైనే పట్టే చెరువు ఇది. కానీ నిండడమే అరుదు. 1983 వరదలకు విద్యుత్ కేంద్రం పాడైంది. 1993లో నీళ్లు అలుగు దాటి దూకాయి. 2021లో చెరువు దాదాపు అడుగంటింది.

చెరువు ఉన్నది అపాచీల రిజర్వేషన్‌లోనే, అంటే సర్కారు వాళ్లకు కేటాయించిన నేలలోనే; నీళ్లు మాత్రం దిగువ ఆయకట్టువి. చేపలు చావకుండా అడుగున కాస్త నీరు నిలపడానికి అపాచీలు కొలరాడో నది నీళ్లు తెచ్చే కాలువలో తమకొచ్చే వాటాను దిగువ ఆయకట్టుకు బదులివ్వాలి. ఆ ఏర్పాటుకు కూడా 1992లో మరో చట్టం కావాల్సి వచ్చింది.