నలభై చదరాల బొంత

కోవూరు,
కార్తీక మాసం.

చిట్టికి, నానికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా ఒళ్లో ఉన్న గుడ్డ చూసి, "అమ్మమ్మా, ఆ చారల త్రికోణాలు ఎట్లా కుట్టావు?" అని అడిగారు. ఫోన్లో చెబితే సగమే ఎక్కుతుందని రాస్తున్నా. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. మన నెల్లూరు వైపు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా, బొంతలు బయటికి తీసేదీ అప్పుడే. మా అమ్మ పాత చీరలు మడతలు వేసి, దబ్బనంతో బొంత కుట్టేది. దానికి నిండు చీరలు కావాలి. నేను కుడుతున్నది టైలర్ మిషను కింద రాలిపడే సన్న పట్టీలతో.

చిట్టీ, పోయిన సెలవుల్లో ఆ పట్టీల సంచీ చూసి "ఇదంతా చెత్తే కదా" అన్నావు. ఆ మాట నాకు ఇంకా మనసులోనే ఉంది. ఈ కుట్టు అమెరికాలో బీదవాళ్ల ఇళ్లలో బాగా సాగింది. స్ట్రింగ్ క్విల్ట్ అంటారు. స్ట్రింగ్ అంటే ఇక్కడ దారం కాదు, సన్నటి గుడ్డ పట్టీ. అలబామాలో నది మెలిక తిరిగే చోట గీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనుల్లో చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు కూడా వదలకుండా చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో ఆ బొంతల్ని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. మన పక్కనున్న కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది ఆడవాళ్లు కూడా పాత బట్టలతోనే ఎంత అందమైన బొంతలు కుడతారో! చెత్త అని ఇంకెప్పుడూ అనవద్దు తల్లీ.

ఇక పని. నూలు గుడ్డలే ఏరండి. జార్జెట్టు జారిపోతుంది, పాలిస్టరు ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది. పాత గుడ్డయితే వెలుతురుకు ఎత్తి చూసి, రెండు బొటనవేళ్లతో గట్టిగా లాగండి. పిగిలితే పక్కన పెట్టేయండి. పట్టీ వెడల్పు అంగుళం నుంచి రెండంగుళాల దాకా ఉండొచ్చు. అంగుళం పట్టీలో రెండు పక్కలా పావు పావు అంగుళం కుట్టులోకి పోతే, పైకి కనిపించేది అరంగుళమే. అంతకన్నా సన్నవి మీరిప్పుడే పట్టుకోవద్దు. పట్టీ ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా ఉన్నా ఫరవాలేదు, చారలకు అందం దానివల్లే వస్తుంది.

ఆ వంకర పట్టీలన్నిటినీ ఒక కొలతకు తెచ్చేది కాగితం. పలుచటి తెల్లకాగితాన్ని సరిగ్గా 7 అంగుళాల చదరంగా కత్తిరించండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా తెల్లగుడ్డకు అంటుతుంది. కాగితం వెనక ఒక మూల నుంచి ఎదురు మూలకి పెన్సిల్ గీత గీయండి. అది కోత గీత. ఇప్పుడు కాగితం తిప్పి, మొదటి పట్టీని మిగిలిన రెండు మూలల మధ్య, ఆ గీతను అడ్డంగా దాటేలా పరవండి. రంగు వైపు పైకి ఉండాలి. రెండో పట్టీని దానిమీద బోర్లించి, అంచుకు అంచు కలిపి, కాగితంతో సహా పావు అంగుళం లోపల కుట్టండి. రెండో పట్టీని తెరిచి గోటితో నొక్కండి. దాని అంచుమీద ఇంకో పట్టీ. ఇట్లా మొదటి పట్టీకి అటూ ఇటూ, రెండు మూలలూ నిండేదాకా. కుట్టు చిన్నది పెట్టాలి, అంగుళానికి 15 నుంచి 18 దాకా పడితే తర్వాత కాగితం సులువుగా చిరుగుతుంది. అయ్యాక తిరగేసి, కాగితం అంచు వెంట మిగిలిందంతా కత్తిరించండి. లోపల పట్టీలు ఎంత వంకరపోయినా బయటి చదరం అచ్చంగా 7 అంగుళాలే.

నిన్న కుట్టిన దాంట్లో పాటూరు చీర అంచు పట్టీ ఒకటి పడింది. మీ అమ్మ కాలేజీకి కట్టుకున్న చీర అది. పక్కనే నాని పాత చొక్కా గళ్లు. చూస్తూ చాలాసేపు కూర్చున్నా.

త్రికోణం సంగతి. ముందు ఒక చేతిరుమాలు తీసుకొని పడుగు వెంట, అంటే నిలువు దారాల వెంట లాగండి, సాగదు. మూల నుంచి మూలకి లాగండి, సాగుతుంది. టైలర్లు క్రాస్ అనేది దాన్నే. మొదట్లో నేను త్రికోణాలు ముందే కత్తిరించి తర్వాత కుట్టాను. క్రాస్ అంచులన్నీ సాగి, ఒక్క మూలా కలవలేదు. ఎనిమిది రోజుల కుట్టు విప్పుకున్నాను. అందుకే ముందు కుట్టి తర్వాత కోయాలి. 7 అంగుళాల తెల్ల లాంగ్‌క్లాత్ చదరం మీద చారల చదరాన్ని బోర్లిస్తే కాగితం, దాని మీది పెన్సిల్ గీత పైకి వస్తాయి. గీతకు అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం కుట్టి, గీత మీద కోయండి. తెరిస్తే రెండు చదరాలు! ఒక్కోదాంట్లో సగం చారలు, సగం తెలుపు. రెండింటిలో అవే రంగులు, కవలల్లాగా. కుట్టు మడతను తెల్లగుడ్డ వైపు పడుకోబెట్టండి, చారల వైపు ముందే మందంగా ఉంటుంది. ఇస్త్రీ మాత్రం అమ్మ పక్కనుంటేనే. చదరం ఆరున్నర కన్నా కొంచెం పెద్దదే వస్తుంది. మూలమట్టం పెట్టి సరిగ్గా ఆరున్నరకు కత్తిరించండి. కాగితం అప్పుడే పీకొద్దు, చదరాలు ఒకదానికొకటి కుట్టాకే. చారల వైపు అంచులు క్రాస్‌లో ఉంటాయి, వాటిని పట్టి ఉంచేది అదే.

లాంగ్‌క్లాత్‌ను ముందే ఉతికి ఆరేయండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. రంగు గుడ్డలన్నిటినీ తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఒక ఎర్ర జాకెట్ ముక్కను చూడకుండా కలిపినందుకు, మొదటి ఉతుకులోనే నా తెల్ల త్రికోణాలు ఎనిమిది గులాబీ రంగుకు తిరిగాయి. ఎంత ఉతికినా పోలేదు.

మీరిద్దరూ తలా 20 చారల చదరాలు కుట్టండి. 40 చదరాలకు 80 ముక్కలు వస్తాయి. అడ్డం 8, నిలువు 10 కలిపితే 4 అడుగులకు 5 అడుగులు. అడుగున నా పాత చీర, మధ్యలో మీ తాతయ్య పంచె వేసి, పొడుగు కుట్టు నేనే వేస్తా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ముక్కల్ని కలపకుండా విడివిడిగా తీసుకురండి. మిద్దె మీద పరిచి తిప్పి తిప్పి చూద్దాం. చారలన్నీ ఒకే పక్కకు తిప్పితే ఒకలాగ, నాలుగు మూలలు కలిపితే గాలిమరలాగ ఉంటుంది. నాకు దున్నిన చేలో సాళ్లలాగ ఏటవాలుగా పేర్చడం ఇష్టం. మీకేది నచ్చితే అదే కుడదాం. కవలలు మాత్రం పక్కపక్కన పడకూడదు, దూరందూరంగా పెట్టి తర్వాత వెతుక్కుందాం. కవరులో పట్టీలు పంపుతున్నా, పాటూరు అంచు ఇంకో మూర మిగిలితే అదీ పెట్టా. ఇద్దరూ సగం సగం తీసుకోండి.

మీ
అమ్మమ్మ