యోవన్నెస్ పాటుర్సన్: ఫారో దీవుల నేత మీద అపోహలు - వాస్తవాలు

ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ పాలన కింద ఉన్న ఫారో దీవుల రాజకీయాల గురించి ఎవరు రాసినా యోవన్నెస్ పాటుర్సన్ (1866-1946) పేరు రాకుండా ఉండదు. అంత ముఖ్యుడైన మనిషి మీద తప్పులు కూడా అంతే జోరుగా తిరుగుతున్నాయి. వాటిలో చాలావాటికి మూలం ఒకటే. 1946లో జరిగిన స్వాతంత్ర్య ఓటింగును మనసులో పెట్టుకుని, ఆయన ఎనభై ఏళ్ళ జీవితాన్నీ దాని వెలుగులోనే చదివేస్తున్నారు.

అపోహ: మొదటి రోజు నుంచీ డెన్మార్క్ నుంచి విడిపోవాలన్నదే ఆయన కోరిక.

మొదటి రోజు ఏం అడిగారో చూద్దాం. 1888 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, దీవుల రాజధాని టోర్స్‌హావ్న్‌లోని పార్లమెంటు భవనంలో ఒక సభ జరిగింది. పిలుపు మీద తొమ్మిది మంది సంతకాలున్నాయి. ఫారో జాతీయోద్యమానికి అదే నాంది అంటారు. అక్కడ వచ్చిన ప్రతిపాదనలు ఇవి: పాఠ్యపుస్తకాలు తయారవగానే బడిలో ఫారో భాషలో బోధన, ఫారో చరిత్ర పాఠాలు, చర్చిలో ఫారో భాష వాడే స్వేచ్ఛ, ఒక జానపద ఉన్నత పాఠశాల (పెద్దవాళ్ళు చదువుకునే బడి). విడిపోవడం అన్న మాటే ఆ జాబితాలో లేదు.

అప్పటికి పాటుర్సన్‌కి 22 ఏళ్ళు. సభలో చదివిన ఉద్బోధ కవిత ఆయనదే గానీ చదివింది ఆయన కాదు, కవి రాస్ముస్ ఎఫెర్సో. చాలా వ్యాసాలు ఇక్కడే జారిపడతాయి.

1901లో ఆయన డెన్మార్క్ పార్లమెంటు దిగువ సభ ఫోల్కెటింగ్‌కి ఎన్నికయ్యారు. అక్కడ ఆయన పట్టుబట్టింది ఖజానా గురించి. దీవుల్లో వచ్చే ఆదాయం మీద స్థానిక సభకి అధికారం ఉండాలన్నారు. ఆ దిశగా డెన్మార్క్ ప్రభుత్వంతో కుదిరిన ప్రతిపాదనే 1906 ఎన్నికల్లో గొడవంతటికీ కారణమైంది. ఖర్చు మన నెత్తిన పడి పన్నులు పెరుగుతాయని ప్రత్యర్థులు ప్రచారం చేశారు. ఆ ఎన్నికలో పాటుర్సన్ ఓడారు, ఒలివర్ ఎఫెర్సో గెలిచారు. 1888లో కవిత చదివిన ఎఫెర్సో, 1906లో ఓడించిన ఎఫెర్సో వేర్వేరు మనుషులు కాబట్టి ఇంటిపేరు ఒక్కటే రాస్తే పాఠకుడు తికమకపడతాడు.

ఆ గొడవలోంచే రెండు పక్షాలు పుట్టాయి. డెన్మార్క్‌తో బంధం నిలవాలన్నవాళ్ళది సంబంద్స్‌ఫ్లోక్కురిన్, పాటుర్సన్ వెనక నిలిచినవాళ్ళది స్యాల్వ్‌స్టీరిస్‌ఫ్లోక్కురిన్. రెండో పేరుకి అర్థం స్వపరిపాలన పార్టీ. దాన్ని స్వాతంత్ర్య పార్టీ అని తెలుగు చేస్తే ఆయన రాజకీయమే మారిపోతుంది.

భాష సంగతి కూడా ఒక్క ఊపులో తేలలేదు. 1912 నాటి బడి నిబంధనల్లో ఏడో పేరా డేనిష్‌నే ముందు పెట్టింది. అది 1938లో పోయింది. 1888 సభ నుంచి లెక్కేస్తే సరిగ్గా యాభై ఏళ్ళు. ఈ పోరాటం సుదీర్ఘమైందని ఊరికే రాసేకంటే ఆ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టడం మేలు.

అపోహ: ఆయన ఫారో దీవుల ప్రధానమంత్రి.

కాదు, అయ్యే వీలే లేదు. ఫారో సభ లెగ్టింగ్‌ని 1816లో రద్దు చేశారు. 1852లో మళ్ళీ పెట్టినా దానికి దక్కింది సలహా చెప్పే అధికారమే. ప్రభుత్వాధినేత పదవి 1948 స్వపరిపాలన చట్టంతో వచ్చింది, అందులో మొదట కూర్చున్నది ఆండ్రాస్ సామ్యుయెల్‌సన్. ఆయనది పాటుర్సన్ జీవితమంతా ఎదుర్కొన్న సంబంద్స్‌ఫ్లోక్కురిన్.

కాబట్టి పాటుర్సన్ పదవుల గురించి రాసేటప్పుడు ప్రతి సంవత్సరం పక్కనా ఏ సభో రాయాలి. టోర్స్‌హావ్న్‌లో ఉన్నది లెగ్టింగ్. కోపెన్‌హేగన్‌లో ఫోల్కెటింగ్ దిగువ సభ, లాండ్స్‌టింగ్ అప్పటి ఎగువ సభ. మూడింటిలోనూ ఆయన కూర్చున్నారు. మూడింటినీ కలిపి 'ఎంపీ' అని రాసేస్తే లెక్క తప్పుతుంది.

అపోహ: ఆయన ఒక సామాన్య రైతు.

ఆయన చిర్చుబోవుర్ గ్రామంలో రాజు భూమిని కౌలుకి సాగుచేసే పెద్ద రైతు. పదహారో శతాబ్దపు క్రైస్తవ మతసంస్కరణ తర్వాత చర్చి భూములు డెన్మార్క్ రాజు చేతికి వచ్చాయి. అలాంటి భూమిని పంచుకోవడానికి లేదు, కౌలు మొత్తంగా ఒక్క వారసుడికే పోతుంది. సొంత భూమి అలా కాదు. అన్నదమ్ముల మధ్య చీలిచీలి ముక్కలైపోతుంది. అందుకే రాజు భూమి రైతుకి ఊళ్ళో పలుకుబడి ఎక్కువ.

ఇక్కడ కొలతల దగ్గరా జాగ్రత్త కావాలి. ఫారోలో భూమిని 'మార్క్' లెక్కన చెబుతారు. ఒక మార్క్‌కి 16 గిల్లిన్, ఒక గిల్లిన్‌కి 20 స్కిన్. ఇది వైశాల్యం కాదు, భూమి విలువకి పెట్టిన లెక్క. ఊరు మారితే మార్క్ విస్తీర్ణమూ మారుతుంది. ఎకరాల్లోకి మార్చి రాయడం పొరపాటు.

ఈ నేపథ్యం తెలియకపోతే 1930ల చివర జరిగింది అర్థం కాదు. భూమి లేనివాళ్ళకి భూమి ఇచ్చే సంస్కరణ మీద ఆయన పార్టీయే చీలింది, ఆయన సంస్కరణకి ఎదురు నిలబడ్డారు. తర్వాత వ్యాపార వర్గాల నాయకుడు థోర్‌స్టెయిన్ పెటెర్సన్‌తో కలిసి ఫోల్కాఫ్లోక్కురిన్ (ప్రజాపార్టీ) స్థాపనలో పాలుపంచుకున్నారు. 1943లో ఆ పార్టీకి 25 సీట్లలో 12 వచ్చాయి. భాష కోసం అంత చేసిన మనిషి భూమి దగ్గర తన వర్గం వైపే ఉన్నారు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా జీవితచరిత్రలో దీన్ని దాచకూడదు.

అపోహ: 1946 ఓటింగు నడిపించి గెలిచింది ఆయనే.

ఆయన ఆగస్టు 2న కన్నుమూశారు, ఓటింగు సెప్టెంబరు 14న. విడిపోవడానికి 5,660 ఓట్లు, డెన్మార్క్ ప్రభుత్వ ప్రతిపాదనకి 5,499. తేడా 161. ఖాళీగా వేసిన ఓట్లు, చెల్లని ఓట్లు కూడా కలిపి చూస్తే విడిపోదామన్నవాళ్ళు సగానికి తక్కువే. గొడవ మొదలైందే అక్కడ. సభ స్వాతంత్ర్యం ప్రకటించింది, రాజు సభని రద్దు చేశారు, నవంబరు 8 ఎన్నికల్లో బంధం నిలవాలన్న పక్షాలకి మెజారిటీ వచ్చింది. చివరికి 1948లో వచ్చింది స్వపరిపాలన. 1906లో పాటుర్సన్ అడిగినదానికి అది దగ్గర.

అపోహ: రిపబ్లికన్ పార్టీ పెట్టిన పాటుర్సన్ ఈయనే.

అది కొడుకు ఎర్లెండుర్ పాటుర్సన్ (1913-1986). 1948లో పుట్టిన ఆ పార్టీ పేరు ట్యోడ్‌వెల్డి. ఎర్లెండుర్ మత్స్యకారుల సంఘం నాయకుడు, రాజకీయంగా వామపక్షం. ఇక 'పాటుర్సన్' అన్నది ఇక్కడ స్థిరపడిన ఇంటిపేరు. యోవన్నెస్ అక్క, మహిళల పత్రిక నడిపిన సుసన్నా హెలెనా కూడా పాటుర్సనే. యోవన్నెస్ భార్య ఐస్‌లాండ్ స్త్రీ కనుక ఆమె గుడ్నీ ఎయిరిక్స్‌డోట్టిర్, అంటే ఎయిరిక్ కూతురు.

ఉచ్చారణకి రెండు సూత్రాలు. 'ఇ' ముందు వచ్చే క చాలా చోట్ల చ అవుతుంది, అందుకే ఆయన ఊరు కిర్క్యుబోర్ కాదు, చిర్చుబోవుర్. అడ్డగీత ఉన్న డ అక్షరం పలకదు, దాని స్థానంలో తరచుగా వ, య వినిపిస్తాయి. ప్రభుత్వాధినేత పదవి పేరు రాతలో లెగ్మాదుర్‌లా కనిపించినా పలికేది లెగ్మెయావుర్ అనే.