అంతరిక్షం మీద కలిసి ఆడే బోర్డ్ గేమ్: అపోహలు - వాస్తవాలు

నేను బోర్డ్ గేమ్‌లు డిజైన్ చేస్తాను. కొంతకాలంగా ఆటగాళ్ళంతా ఒకే జట్టుగా అంతరిక్ష నౌకను నడిపే ఆట మీద పని చేస్తున్నాను. ఆ మాట చెప్పగానే జనం ఇచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: కార్డుల మీద విషయాలు రాస్తే ఆడేవాళ్ళు నేర్చుకుంటారు.

నా మొదటి నమూనాలో ప్రతి కార్డు కిందా రెండు మూడు లైన్ల సమాచారం ఉండేది. ఏ గ్రహానికి ఎన్ని చందమామలు, ఏ నౌక ఏ ఏడాది వెళ్ళింది, ఇలా. ఒక్కరూ చదవలేదు. కార్డు తీయగానే అందరి చూపూ మూలనున్న ఇంధనం గుర్తు మీదికే పోయేది. తప్పు వాళ్ళది కాదు. ఆ లైన్లు చదివినా, చదవకపోయినా ఆటలో ఏమీ మారదు. ఇక చదవడం దేనికి?

మనిషికి గుర్తుండేది తను తీసుకున్న నిర్ణయం, దానివల్ల పడ్డ తిప్పలు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ ఇంజన్ల తోపుడును పౌండ్ల లెక్కలో ఇస్తే, దారి లెక్కగట్టేచోట దాన్ని న్యూటన్లుగా తీసుకున్నారు. ఒక పౌండు బలమంటే దాదాపు 4.45 న్యూటన్లు. ఈ కథను కార్డు మీద రాయడం మానేసి, ఇద్దరు ఆటగాళ్ళ చేతుల్లోని అంకెలను వేర్వేరు కొలతల్లో పెట్టాను. రూల్‌బుక్‌లో ఆ సంగతి ఉంది, ఆట మధ్యలో మాత్రం ఎవరూ గుర్తు చేయరు. ఒకసారి నలుగురు కూర్చుని, లెక్క సరిగ్గా కుదిరిందని చప్పట్లు కొట్టి మరీ నౌకను వాతావరణంలో కాల్చేశారు. తర్వాత పావుగంట సేపు తప్పెవరిదని వాదించుకున్నారు. నాకు కావలసింది ఆ పావుగంటే.

అపోహ: బోర్డు నిజమైన దూరాల ప్రకారం ఉండాలి.

భూమి ఒక సెంటీమీటరు గోళీ అనుకుంటే చంద్రుడు 30 సెంటీమీటర్ల అవతల ఉంటాడు. బల్ల మీద సరిపోతుంది. అంగారకుడు మాత్రం బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా 40 మీటర్ల పైచిలుకే. ఆ పావును వీధిలో పెట్టుకోవాలి.

అది సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. రోడ్డు మీద బండికి దూరం పెరిగేకొద్దీ పెట్రోలు కావాలి. నౌకకు అలా కాదు, వేగం మార్చుకున్నప్పుడే ఇంధనం ఖర్చవుతుంది, మిగతా దారంతా ఊరికే జారిపోతుంది. నేల నుంచి భూమికి దగ్గరి కక్ష్యలోకి చేరాలంటే, గాలీ గురుత్వమూ తినేసేది కలుపుకొని, సెకనుకు సుమారు 9.4 కిలోమీటర్ల వేగం కూడబెట్టాలి. అక్కడి నుంచి చంద్రుడి దారి పట్టడానికి ఇంకో 3.1 చాలు. అంగారకుడి దారికి దాదాపు 3.6. అందుకే నా బోర్డులో గడి అంటే దూరం కాదు, సెకనుకు అర కిలోమీటరు వేగం. నేల నుంచి కక్ష్యకు 19 గడులు, అక్కడి నుంచి చంద్రుడి దారికి 6, అంగారకుడి దారికి 7. "అంగారకుడు వంద రెట్లకు పైగా దూరం కదా, ఒక్క గడేనా తేడా?" అని ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు నేను చెప్పను. వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు. (చంద్రుడి మీద దిగాలంటే గాలి లేదు కాబట్టి వేగమంతా ఇంజన్‌తోనే తగ్గించుకోవాలని తెలిసినప్పుడు ఇంకో గొడవ మొదలవుతుంది.)

డబ్బులు పెట్టి కొనలేనిది సమయం. అంగారకుడికి వెళ్ళే అనువైన అవకాశం సుమారు 26 నెలలకోసారి వస్తుంది. నా ఆటలో వంతుకు రెండు నెలలు చొప్పున, ఒక అవకాశం తప్పితే 13 వంతులు ఆగాలి. బోరు కొడుతోందని టెస్టర్లు గోల పెట్టారు. అవకాశాన్ని దగ్గరికి జరపలేదు, ఆగినన్నాళ్ళూ చేసుకోవడానికి మరమ్మతులు, శిక్షణ పెట్టాను.

అపోహ: పాచిక ఉంటే అది సైన్స్ కాదు.

వైకుంఠపాళిలో పాచిక పడ్డాక మనం చేసేదేమీ లేదు. పాము మింగితే మింగినట్టే. నా ఆటలో పాచిక ముందు పడుతుంది, పని ఆ తర్వాత మొదలవుతుంది. పైగా దాని ఫలితం గెలుపో చావో కాదు, ఎక్కువసార్లు "కాస్త తక్కువ పడింది" అనే. 2013 నవంబరు 11న మంగళయాన్ కక్ష్యను పెంచేటప్పుడు జరిగింది అదే. సెకనుకు 130 మీటర్ల వేగం పెరగాల్సింది 35 దగ్గరే ఆగింది. మర్నాడు ఇంకోసారి ఇంజన్ మండించి లోటు పూడ్చారు. డిసెంబరు 1న నౌక అంగారకుడి దారి పట్టింది.

పాచిక నుంచి నేను తీసేసింది గ్రహశకలం ఢీకొట్టే ఫలితాన్ని. చూడ్డానికి బావుంటుంది, కానీ అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీలో రాళ్ళ మధ్య దూరం లక్షల కిలోమీటర్లు. 1972-73లో పయనీర్ 10 అనే నౌక మొదటిసారి దాన్ని క్షేమంగా దాటింది.

అపోహ: కలిసి ఆడే ఆటలో ఒకరే అందరి బదులూ ఆడేస్తారు.

ఇది పూర్తిగా అపోహ కాదు. బాగా ఆడగలిగినవాడొకడు "నువ్వు అది వెయ్, నువ్వు ఇటు జరుపు" అంటూ ఉంటే మిగతావాళ్ళు వాడి చేతులవుతారు. అందరి కార్డులూ అందరికీ కనిపించే ఆటలో ఇది తప్పదు. అందుకే కార్డులు దాచాలి. ఈ జబ్బుకు మందు అంతరిక్ష కేంద్రాల్లోనే దొరుకుతుంది. చంద్రుడి మీదికి మనుషులను పంపిన అపోలో రోజుల్లో కంట్రోల్ గదిలో ఒక్కొక్కరు ఒక్కో వ్యవస్థను చూసేవారు, వ్యోమగాములతో మాట్లాడేది మాత్రం సాధారణంగా ఒక్కరే. 1969 జులై 20న చంద్రుడి మీద దిగే నిమిషాల్లో, నౌకలోని కంప్యూటర్‌కు పని ఎక్కువైందని చెప్పే 1202 అలారం మోగినప్పుడు "ముందుకే" అని నిర్ణయం చెప్పింది 26 ఏళ్ళ గైడెన్స్ ఆఫీసర్ స్టీవ్ బేల్స్. వెనక గదిలో ఆ అలారం సంగతి తెలిసిన జాక్ గార్మన్ ఆయనకు అండగా ఉన్నాడు.

నేను వాడే ఇంకో ఉపాయం ఆలస్యం. అంగారకుడికి రేడియో మాట చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అందుకని భూమ్మీద ఉన్న ఆటగాళ్ళు ఇచ్చిన ఆదేశం నౌకలోని ఆటగాళ్ళకు తర్వాతి వంతులోనే అందుతుంది. ఎంత మొనగాడైనా ఇక అప్పటికప్పుడు అజమాయిషీ చేయలేడు.

అపోహ: కలిసి ఆడేది కాబట్టి తేలిగ్గా ఉండాలి.

మొదటి రెండు ఆటలు ఓడిపోకపోతే మూడోది ఎవరూ ఆడరు.

ఒక్క నియమం మాత్రం నాకింకా కుదరలేదు. 1970 ఏప్రిల్‌లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక అపోలో 13 లక్ష్యమే మారిపోయింది. చంద్రుడు పక్కకు పోయి, ముగ్గురు మనుషులు ప్రాణాలతో తిరిగిరావడమే పని అయింది. దాన్ని పట్టుకుందామని, ఎప్పుడైనా అందరూ ఒప్పుకుంటే లక్ష్యం వదిలేసి ఇంటిదారి పట్టవచ్చు, సగం మార్కులు వస్తాయి అని పెట్టాను. ఎవరూ వాడటం లేదు. ఇంధనం ఆఖరి గడికొచ్చాక "ఇప్పుడు తిరుగుదామా?" అంటారు. అప్పటికి తిరగడానికి నాలుగు గడులు కావాలి. ఈ వారం ఆ మార్కులను సగం నుంచి ముప్పావుకు పెంచి చూస్తున్నాను.